ధవళేశ్వరం నీటిమట్టం మన పేజీలో చూపాలంటే: ఐఫ్రేమా, ఫెచ్చా, ప్రాక్సీయా?

వరదల రోజుల్లో కోనసీమ లంకల్లో ఎవరు ఎదురుపడినా అడిగేది ఒకటే: "ధవళేశ్వరం దగ్గర ఎంత ఉందండీ?" 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఊరి కోసం చిన్న సైటు నడిపే కుర్రాళ్లకు ఆ అంకె తమ పేజీలోనే కనిపించాలని ఉంటుంది. అంకె ఉన్నదేమో వేరే డొమైన్‌లో. జావాస్క్రిప్ట్‌లో ఫెచ్ (ఒక అడ్రసు నుంచి డేటా తెచ్చే ఆజ్ఞ) రాస్తారు, బ్రౌజరు ఎర్రర్లు చూపే కన్సోల్ ఎర్రబడుతుంది. అదే అడ్రసు పోస్ట్‌మ్యాన్‌లో (రిక్వెస్టులు పరీక్షించే టూల్) కొడితే డేటా చక్కగా వస్తుంది. ఇక టెన్షన్ మొదలు.

కోడ్‌లో తప్పేం లేదు. ఒక సైటు స్క్రిప్టు ఇంకో సైటు సమాచారాన్ని చదవకూడదన్న కట్టుబాటు నెట్‌స్కేప్ కాలం నుంచీ ఉంది. లేకపోతే మీరు లాగిన్ అయి ఉన్న మెయిల్‌ని ఏ పేజీ అయినా చదివేస్తుంది. చాలాసార్లు రిక్వెస్టు వెళ్తుంది, జవాబూ వస్తుంది. బ్రౌజరే దాన్ని మీ స్క్రిప్టు చేతికివ్వదు. పోస్ట్‌మ్యాన్‌కు ఈ కట్టుబాటు లేదు.

అంకెను చూపే దారుల్లో అన్నిటికన్నా తేలిక ఐఫ్రేమ్. ఒక్క లైను రాస్తే అవతలి పేజీ మన పేజీలో ప్రత్యక్షం. కానీ కనిపించడమే, లోపలి అంకెను మన స్క్రిప్టు చదవలేదు. 13.75 దాటితే ఎర్రరంగు వేద్దామన్నా కుదరదు. ఫోన్లో పెద్ద పట్టికను అటూ ఇటూ జరుపుకుంటూ చూడాలి. పైగా ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ హెడర్‌తో (జవాబుతో పాటు సర్వర్ పంపే సూచన) అవతలివాళ్లు వద్దంటే అదీ రాదు.

ఫెచ్ పనిచేయాలంటే అవతలి సర్వర్ యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ హెడర్‌లో మన సైటుకు అనుమతివ్వాలి. దీన్నే కోర్స్ అంటారు. అనుమతి ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, ఇదే వాడండి. రెండు సైట్లూ మీవే అయినా ఇదే మేలు. కాకపోతే ముందు www ఉన్న అడ్రసూ లేని అడ్రసూ బ్రౌజరు లెక్కలో వేర్వేరు, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ కూడా అంతే. అనుమతి లేకపోతే మీ పేజీలోని స్క్రిప్టులో ఏం చేసినా రాదు. "ఫెచ్‌లో మోడ్ దగ్గర నో-కోర్స్ అని పెట్టు, ఎర్రర్ పోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఎర్రర్ పోతుంది నిజమే, చేతికొచ్చేది మాత్రం చదవడానికి వీల్లేని ఖాళీ జవాబు.

డేటాను స్క్రిప్టు రూపంలో తెప్పించే జేసన్‌పీ అనే 2005 నాటి పాత చిట్కా కూడా ఉంది. అవతలివాళ్ల స్క్రిప్టు మన పేజీలో నడుస్తుంది, అంటే ఇంటి తాళాలు చేతికిచ్చి పక్క ఊరు వెళ్లడమే. ఇప్పుడు దాని అవసరం లేదు.

అందుకే ఇలాంటి పనికి నా ఓటు సొంత సర్వర్ ప్రాక్సీకే. మన సర్వర్ వెళ్లి అంకె తెస్తుంది, మన పేజీ మన సర్వర్నే అడుగుతుంది. బ్రౌజరుకు అభ్యంతరం ఉండదు. తెచ్చిన అంకెను పది నిమిషాలు దాచుకుంటే, వరద రాత్రి వెయ్యిమంది పేజీ తెరిచినా అవతలి సైటుకు వెళ్లేది పది నిమిషాలకు ఒక్క రిక్వెస్టే. ఆ సైటు మొరాయిస్తే చివరగా వచ్చిన అంకెను సమయంతో సహా చూపొచ్చు. అవతలివాళ్ల ఏపీఐకి (ప్రోగ్రాములు నేరుగా డేటా అడిగే దారి) రహస్య కీ ఉంటే అది జనం కంట పడదు. వాడుకోవచ్చా అని ముందు వాళ్లను అడగడం మర్యాద. ప్రాక్సీ తేవాల్సిన అడ్రసును కోడ్‌లోనే కట్టేయండి. ఏ అడ్రసిస్తే అది తెచ్చేలా రాస్తే ఎవడో మీ సర్వర్ లోపలి గుట్టు లాగుతాడు. ఊరూపేరూ లేని ఉచిత ప్రాక్సీలను అసలు నమ్మకండి.

దీని చిక్కల్లా ఏపీఐ లేక హెచ్‌టీఎంఎల్ పట్టిక నుంచి అంకెను ఏరుకోవాల్సి వచ్చినప్పుడే. "మూడో వరుస, రెండో గడి" అని రాశారనుకోండి. వాళ్లు పైన ఒక వరుస చేర్చితే, ధవళేశ్వరం పేరు కింద భద్రాచలం లెక్క పడుతుంది. అక్కడ మొదటి హెచ్చరికే 43 అడుగులు. అది చూస్తే లంకల్లో జనం ఆ రాత్రే పశువులను విప్పుకుని గట్టెక్కుతారు. కాబట్టి వరుస నంబరుతో కాకుండా ఊరి పేరుతో వెతకండి, అంకె 25 దాటితే చూపకుండా ఆపి మీకు మెసేజ్ వచ్చేలా పెట్టుకోండి.