రాగి బాయిలర్ పోయాక గ్యాస్ గీజరా, కరెంటు గీజరా?

మా దొడ్లో మామ్మ కాలం నాటి రాగి బాయిలర్ మొన్న కార్తీకంలో మళ్ళీ కారింది. ఇప్పటికే రెండుసార్లు మాటు వేయించాం. ఈసారి మాటు వేసే ఆయన నడిమి గొట్టం మొదట్లో బొటనవేలితో నొక్కి చూపించాడు, రేకు కాగితంలా లోపలికి పోయింది. "ఇంక మాటు నిలవదు బాబూ" అన్నాడు. దాని బదులు గ్యాస్ గీజరు పెట్టించినప్పటి నుంచీ పలాసలో మా వీధివాళ్ళూ, చుట్టాలూ అందరిదీ ఒకటే ప్రశ్న: "గ్యాస్‌దా, కరెంటుదా, ఏది మంచిదేటి?"

అందరూ ముందు ఖర్చు అడుగుతున్నారు. చలికాలంలో 20 లీటర్ల బకెట్టు నీళ్ళు 25 డిగ్రీల నుంచి 40కి రావాలంటే సుమారు మూడో వంతు యూనిట్ కరెంటు కాలుతుంది. గ్యాస్ అయితే 30 గ్రాముల పైచిలుకు. అంటే 14.2 కిలోల సిలిండరుకి నాలుగొందల బకెట్లు వస్తాయి. మీ స్లాబు రేటూ, సిలిండరు ధరా వేసి చూసుకోండి. ఆ తేడా కోసం నేనైతే ఏదీ ఎంచుకోను.

వాడకంలో మాత్రం తేడా బాగా తెలుస్తుంది. 25 లీటర్ల కరెంటు గీజరులో 60 డిగ్రీల నీళ్ళుంటే, చన్నీళ్ళు కలుపుకుని దాదాపు మూడు బకెట్లు అవుతాయి. నాలుగో మనిషి మళ్ళీ అరగంట ఆగాలి. మా ఇంట్లో బడికెళ్ళే పిల్లలతో కలిపి ఐదుగురం. గ్యాస్ గీజరుకి ఈ వంతులు లేవు, కుళాయి తిప్పినంతసేపూ వేడినీళ్ళే.

కరెంటు మాట వస్తే నాకు 2018 అక్టోబరు గుర్తొస్తుంది. తిత్లీ తుఫాను తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. వీధంతా కలిసి అద్దె జనరేటరుతో ట్యాంకులు నింపుకున్నాం. కూలిన కొబ్బరి మట్టలు కొట్టి బాయిలర్ రాజేసి, ఎదురింటి బాలింతకీ నీళ్ళు కాచి ఇచ్చాం. ఈ జిల్లాలో ఉంటూ వేడినీళ్ళకి పూర్తిగా కరెంటు మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. గ్యాస్ గీజరు మంట అంటుకోవడానికి రెండు టార్చి బ్యాటరీలు చాలు.

ఇంతవరకు చదివి గ్యాస్‌దే కొనేద్దామనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. ఏది కొనాలో తేల్చేది ఖర్చూ కాదు, కరెంటూ కాదు. మంట ఎక్కడ పెడతారన్నదే. మామ్మ బాయిలర్ నూతి పక్కన, ఆరుబయట ఉండేది. నీళ్ళు బకెట్టుతో స్నానాలగదికి మోసుకెళ్ళేవాళ్ళం, మంట మాత్రం గదిలోకి వచ్చేది కాదు. ఇప్పుడేమో గొట్టం పొడుగు తగ్గుతుందని గ్యాస్ గీజరుని నేరుగా బాత్రూము గోడకే బిగిస్తున్నారు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు, ఎనిమిదడుగుల ఎత్తు గదిలో ఉండే గాలి ఐదు ఘనమీటర్లకి కాస్త ఎక్కువ. నిమిషానికి ఆరు లీటర్లు కాచే గీజరు పావుగంటలో అందులో సగానికి పైగా గాలిని మంటకే వాడేసుకుంటుంది. చలి అని వెంటిలేటరుకి అట్ట అడ్డం పెట్టామంటే మంటకి గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరు లీకైతే వాసన వస్తుంది కాబట్టి ఇదీ తెలుస్తుందనుకోవడం చాలా ప్రమాదం. రక్తంలో ప్రాణవాయువు కన్నా రెండొందల రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. తల బరువెక్కి, కాళ్ళు తేలిపోయి, గడియ తీసే ఓపిక కూడా ఉండదు. తలుపేసుకుని స్నానం చేసేది మన పిల్లలే కదా.

అందుకే మాది పాత బాయిలర్ ఉన్నచోటే, దొడ్డి వసారా గోడకి పెట్టించాను. పైన రేకు ఉంది, రెండు పక్కలా గాలి ఆడుతుంది. అక్కడి నుంచి వేడినీళ్ళకి తట్టుకునే సీపీవీసీ గొట్టం లోపలికి లాగాం. పొద్దున్నే మొదట కొంచెం చల్లటి నీళ్ళు వస్తాయి, మొక్కలకి పోస్తాం. బిగించడానికి వచ్చినతను "లోపలే పెట్టీసుకోండి, ఖర్చు కలిసొస్తాది" అని రెండుసార్లు అన్నాడు. ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోవద్దు. వసారా, దొడ్డి, బాల్కనీ ఏదీ లేని ఇంటికి కరెంటు గీజరే, ఇక వేరే ఆలోచన పెట్టుకోకండి.

ఇంకో చిక్కు నీటి ఒత్తిడి. ట్యాంకు మరీ కిందుగా ఉంటే గ్యాస్ గీజరు టకటకమంటుంది గానీ మంట అంటుకోదు. మాకూ మొదటి వారం ఇదే గొడవ. ట్యాంకు కింద మూడడుగుల దిమ్మ కట్టించాక సర్దుకుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట సున్నం రెండింటికీ పడుతుంది. గ్యాస్‌దానిలో సన్నటి రాగి గొట్టాలు మూసుకుపోతాయి, కరెంటుదానిలో కాయిలూ ట్యాంకూ దెబ్బతింటాయి. కరెంటుది కొంటే లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిందేమో అప్పుడప్పుడు విప్పించి చూసుకోండి, అది పోయాకే ట్యాంకుకి తుప్పు మొదలవుతుంది.

సోలారు మేడ ఉన్నవాళ్ళకి బాగుంటుంది, ముసురు రోజుల్లో పని చేయదు. బకెట్టులో పెట్టే కరెంటు రాడ్డు పిల్లలున్న ఇంట్లో వద్దు.

బాయిలర్ అమ్మేశారా అని అడుగుతున్నారు. రాగి తూకానికి అడిగారు గానీ అమ్మ ఇవ్వనివ్వలేదు. అడుగు పోయినా కుళాయి మంచిదే, విప్పి తోమి అటక మీద పెట్టింది.