చికిత్సకు తోడుగా ఏది మేలు: రేకీనా, సంగీతమా, పక్కన కూర్చునే మనిషా?

రెండో విడత కీమో అయ్యాక ఎవరో చెబితే పిన్ని రేకీ చేయించుకుంది. ఇంటికొచ్చి, "తలమీద చేతులు పెట్టగానే వెచ్చగా అనిపించిందిరా, ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయాను" అంది. ఆ నిద్ర నిజమే, మొహంలోనే తెలుస్తోంది. మరి ఆ నిద్ర ఇచ్చింది రేకీయేనా? అప్పట్నుంచి దొరికినవన్నీ చదువుతూ వచ్చాను.

రేకీని 1922లో జపాన్‌లో మికావో ఉసుయి మొదలుపెట్టాడు. హవాయో తకాతా అనే ఆవిడ దాన్ని హవాయికి తీసుకెళ్లాక మిగతా ప్రపంచానికి పాకింది. మనిషిని బట్టలతోనే పడుకోబెట్టి, తల నుంచి పాదాల దాకా ఒక్కోచోట కొన్ని నిమిషాలు చేతులు ఆనిస్తారు, లేదంటే కాస్త ఎత్తులో ఉంచుతారు. నొక్కడం, రుద్దడం ఉండదు. విశ్వశక్తి అనేదొకటి, రేకీ చేసే మనిషి, అంటే మాస్టర్, చేతుల గుండా రోగిలోకి ప్రవహిస్తుందని నమ్మకం. అలాంటి శక్తి ఉందని ఇంతవరకు ఏ పరికరమూ చూపలేదు.

పరికరానికి దొరక్కపోయినా, చేసేవాళ్ల చేతులకు ఆ శక్తి తెలుస్తుంది కదా అంటారు. దీన్ని ఎమిలీ రోసా అనే అమెరికా చిన్నారి తొమ్మిదేళ్ల వయసులో పరీక్షించింది. ఆమె తీసుకున్నది రేకీని కాదు, దానికి దగ్గరి చుట్టమైన థెరప్యూటిక్ టచ్‌ని, అంటే ఒంటికి కాస్త ఎత్తులో చేతులు ఆడిస్తూ శక్తిని సరిచేస్తామనే పద్ధతిని. అడ్డంగా ఒక అట్ట నిలబెట్టింది. ఆ పద్ధతి చేసే హీలర్ దాని కిందనుంచి రెండు అరచేతులు ఇవతలికి చాపాలి. ఎమిలీ నాణెం ఎగరేసి, వాటిలో ఒకదాని మీదుగా, తగలకుండా, తన చెయ్యి ఉంచుతుంది. ఏ చేతి దగ్గరుందో ఆయన చెప్పాలి. 21 మంది హీలర్లు 280 సార్లు ప్రయత్నించారు. సరిగ్గా చెప్పింది 123 సార్లు, అంటే 44 శాతం. కళ్లు మూసుకుని కుడి, ఎడమ అని ఏదో ఒకటి చెప్పినా సగం సార్లు నిజమవుతుంది! 1998లో ఇది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది.

పిన్ని నిద్ర గురించిన నా ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పింది మాత్రం 2011లో వచ్చిన ఇంకో అధ్యయనం. కీమో ఎక్కించుకుంటున్న 189 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు అసలు రేకీ, రెండో గుంపుకు చేతులు అలాగే పెట్టే ఉత్తుత్తి రేకీ, మూడో గుంపుకు మామూలు సేవలు. అసలు రేకీ తీసుకున్నవాళ్లకు హాయిగా అనిపించింది. ఉత్తుత్తిది తీసుకున్నవాళ్లకూ అంతే హాయిగా అనిపించింది. మూడో గుంపులో మాత్రం మార్పు లేదు. కీమో సమయంలో ఒక నర్సు తనకోసమే పక్కన ఉండటమే పనిచేసిందని పరిశోధకులు తేల్చారు. ఇది చదివాక నాకు పిన్ని నిద్ర అర్థమైంది. డ్రిప్ ఎక్కించేటప్పుడు, రక్తం తీసేటప్పుడు అందరూ హడావిడిగానే ముట్టుకుంటారు. ఒక మనిషి ఏ తొందరా లేకుండా గంటసేపు నుదుటిమీద చెయ్యి వేసి ఉంచితే నిద్ర పట్టదా మరి!

రేకీకి అనుకూలంగా వచ్చిన అధ్యయనాలూ ఉన్నాయి, కానీ చాలావరకు చిన్నవి. ఆందోళన, డిప్రెషన్‌లకు రేకీ పనికొస్తుందో లేదో చెప్పడానికి తగిన ఆధారాలు లేవని వైద్య అధ్యయనాలన్నీ కలిపి జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్ష 2015లో తేల్చింది. ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా దీర్ఘకాలం నొప్పులు పెట్టే జబ్బు, ఉన్న 100 మందిపై 2008లో చేసిన పరీక్షలోనూ ఫలితం కనబడలేదు.

ఇక సంగీతం. క్యాన్సర్ రోగులకు సంగీతం తోడుగా వాడిన 81 అధ్యయనాలను 2021లో కోక్రేన్ పరిశీలించింది. పెద్దవాళ్లలో ఆందోళన, నొప్పి, నీరసం తగ్గే అవకాశం ఉందని చెప్పింది. ఇక్కడా ఒక ఇబ్బంది ఉంది. పాట వింటున్న సంగతి రోగికి తెలుస్తూనే ఉంటుంది కాబట్టి ఉత్తుత్తి పాటతో పోల్చి చూడలేం. అయినా నేను సంగీతం వైపే మొగ్గుతాను. ఏ కనబడని శక్తినీ నమ్మమనదు, ఏ మాస్టరూ అక్కర్లేదు, అర్ధరాత్రి నిద్రపట్టకపోయినా చేతికందుతుంది. ధ్యానం కూడా ఇలాంటిదే. చికిత్స సమయంలో ఆందోళనకు మైండ్‌ఫుల్‌నెస్ పద్ధతులను, అంటే ఈ క్షణం మీదే మనసు నిలిపే ధ్యానం లాంటివాటిని, అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2023లో సిఫారసు చేసింది. కాకపోతే కీమో నీరసంలో ఉన్న మనిషిని కూర్చోబెట్టి ధ్యానం నేర్పడం తేలిక కాదు. పిన్ని రెండు రోజులకే వద్దంది. మసాజ్ సంగతి వేరు. ఎముకలకు క్యాన్సర్ పాకినా, ప్లేట్‌లెట్లు తగ్గినా డాక్టర్‌ని అడగకుండా చేయించకూడదు.

ఆ లెక్కన రేకీతో నేరుగా హాని లేదు. నా టెన్షన్ అంతా దాని వెంట వచ్చే మాటల గురించే. నయమయ్యే అవకాశమున్న క్యాన్సర్ రోగులపై 2018లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చూడండి. వాళ్లంతా ఏదో ఒక మామూలు చికిత్స తీసుకున్నవాళ్లే. అయినా, తోడుగా ఇలాంటి పద్ధతులు కూడా పెట్టుకున్నవాళ్లలో 34 శాతం మంది కీమో వద్దన్నారు. మిగతావాళ్లలో అలా అన్నది 3 శాతమే. ఇలాంటి పద్ధతులు పెట్టుకున్నవాళ్లు చనిపోయే ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు రెండింతలైంది. తోడుగా వచ్చింది మెల్లగా చికిత్స స్థానంలో కూర్చుంటోంది, అదీ భయం. అందుకే పిన్నితో రేకీకి వెళ్లొద్దని అనలేదు. "ఆ మాస్టర్ ఎప్పుడైనా మందులు తగ్గించమన్నా, కీమో వాయిదా వేయమన్నా నాకు చెప్పు" అన్నాను. వెళ్తున్నట్టు డాక్టర్‌కి కూడా చెప్పించాను.

మూడో విడత రోజున ఇయర్‌ఫోన్స్ ఒకటి ఆవిడ చెవిలో, ఒకటి నా చెవిలో. డ్రిప్ లేని చెయ్యి నా చేతిలో పెట్టి, రెండో పాట పూర్తికాకముందే నిద్రపోయింది.