గ్యాస్ గీజరా, కరెంట్ గీజరా: తిరుపతి ఇంటికి ఏది మేలు?

ఇల్లంతా వెచ్చబెట్టుకోవాల్సినంత చలి తిరుపతిలో లేదు. మనకు కావాల్సింది పొద్దున్నే ఉడుకునీళ్లు. కార్తీకం వచ్చిందంటే పిల్లల్ని బడికి తయారు చేసేవాళ్లకు అది పెద్ద పనే.

ముందు ఖర్చు చూద్దాం. నలుగురున్న ఇంట్లో రోజుకు వంద లీటర్ల నీళ్లను 25 నుంచి 45 డిగ్రీలకు కాచాలంటే, వృథాతో కలిపి రెండున్నర యూనిట్ల పైనే, అంటే నెలకు దాదాపు 80 యూనిట్లు అవుతాయి. గ్యాస్ అయితే నెలకు సుమారు సగం సిలిండర్. సిలిండర్ 900 రూపాయలనుకుంటే 450 అన్నమాట. కరెంటుకు సగటు రేటు వేసుకుంటే లెక్క తప్పుతుంది. గీజర్ యూనిట్లు మిగతా వాడకం మీద అదనంగా వచ్చి, యూనిట్ రేటు ఎక్కువుండే పై శ్లాబులోనే పడతాయి. గీజర్ లేకుండా మీ వాడకం 140 యూనిట్లుంటే, యూనిట్ 6 రూపాయల చొప్పున 480 అవుతుంది. గ్యాస్‌తో పెద్ద తేడా లేదు. ఏసీ నడిచి మీటరు ముందే 225 దాటి ఉంటే మాత్రం యూనిట్ 8.75, అంటే నెలకు 700. అలాంటి ఇంటికి గ్యాసే చవక.

కానీ గ్యాస్ గీజర్‌ను బాత్‌రూమ్ లోపల పెట్టించొద్దు. ఈ మాట ఎన్నిసార్లైనా చెబుతాను. తలుపు వేసిన చిన్న గదిలో గాలి చాలక మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. సిలిండర్ లీకైతే వాసన వస్తుంది, దీనికి వాసన లేదు, రంగూ లేదు. స్నానం చేస్తున్న మనిషి తల తిరిగి పడిపోతాడు, బయటివాళ్లకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అనుకోవద్దు. గీజర్ బయట బాల్కనీలోనో వాష్ ఏరియాలోనో ఉండాలి, లోపలికి పైపు మాత్రమే రావాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు తిరిగినా, పైన మసి పట్టినా మెకానిక్ వచ్చేదాకా ఆపేయండి.

నీళ్ల ప్రెజర్ కూడా చూసుకోండి. ట్యాంకు సరిగ్గా నెత్తిమీదే ఉన్న ఇళ్లలో ప్రెజర్ చాలక గ్యాస్ గీజర్ ఒక్కోసారి వెలగదు. వెలిగితే మాత్రం, వాయుగుండం పట్టి కరెంటు పోయిన రోజు కూడా రెండు బ్యాటరీలతో పని జరిగిపోతుంది.

కరెంట్ గీజర్‌కు బోరు నీళ్లే శత్రువు. ఉప్పునీళ్లున్న ఇళ్లలో లోపలి కాయిల్‌కు తెల్లటి పొర గట్టిగా పేరుకుంటుంది. నీళ్లు కాగడానికి ఎక్కువసేపు పడుతుంది, కొన్నాళ్లకు కాయిల్ కాలిపోతుంది. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే ఆనోడ్ రాడ్ అరిగితే మార్పించాలి. ఎర్తింగ్ సరిగా లేకుండా స్విచ్ వేయకండి.

సొంత మిద్దె ఉంటే సోలార్ గీజర్ కూడా మంచిదే. కానీ ఉడుకునీళ్లు బాగా అవసరమయ్యే నవంబరు, డిసెంబరులోనే మన దగ్గర మబ్బులెక్కువ, కాబట్టి లోపల కరెంటు కాయిల్ ఉన్నదే తీసుకోవాలి.

నా మటుకు, బయట గోడకు చోటుండి ఏసీ బిల్లు వచ్చే ఇంటికి గ్యాస్ అంటాను. బాత్‌రూమ్‌కు డక్ట్ వైపు చిన్న కిటికీ తప్ప ఇంకేమీ లేని అపార్ట్‌మెంట్ అయితే, నెలకు రెండొందల యాభై ఎక్కువైనా కరెంటే. ఓనరు ఇప్పటికే గ్యాస్ గీజర్‌ను లోపల బిగించి ఉంటే, అడ్వాన్సు ఇచ్చేముందే దాన్ని బయటికి మార్పించమని అడగండి.