డెబ్బై రూపాయల పర్యాయపదాల పుస్తకం, సగమే పనికొచ్చింది

మా అక్క కూతురు డీఎస్సీకి చదువుతోంది. పర్యాయపదాలు, వ్యతిరేకపదాల దగ్గర మార్కులు పోతున్నాయని ఒకటే టెన్షన్ పడుతుంటే కోఠిలో ఫుట్‌పాత్ మీద ఒక చిన్న పుస్తకం కొనిచ్చాను. అట్ట మీద 90 ఉంది, బేరమాడితే 70కి ఇచ్చాడు. వేసినవాళ్ల పేరు చెప్పను గానీ నెల రోజులు ఇద్దరం కూర్చుని చూశాం కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

ముందు మంచి. చదువుకి సంబంధించిన మాటలన్నీ ఒకచోట పెట్టడం నాకు నచ్చింది. గురువుకి ఆచార్యుడు, ఉపాధ్యాయుడు, దేశికుడు, ఒజ్జ. శిష్యుడికి ఛాత్రుడు, అంతేవాసి. పండితుడికి కోవిదుడు, బుధుడు, ప్రాజ్ఞుడు. ఉపాధ్యాయుడికి వికృతి ఒజ్జ, విద్యకి విద్దె అని పక్కనే ఇచ్చాడు, అది పరీక్షకి బాగా పనికొస్తుంది. కానీ అంతేవాసి అంటే గురువు దగ్గరే ఉండి చదువుకునేవాడని ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? అది లేకపోయేసరికి మా పిల్ల ఒకరోజు సొంతవాక్యంలో "మా బడిలో మూడువందల మంది అంతేవాసులు ఉన్నారు" అని రాసింది, హాస్టల్ పిల్లలైతే సరిపోయేదేమో!

వ్యతిరేకపదాల దగ్గరే అసలు గొడవ. జ్ఞానం × అజ్ఞానం, పండితుడు × పామరుడు, అక్షరాస్యుడు × నిరక్షరాస్యుడు, వీటితో పేచీ లేదు. గురువు దగ్గరికొస్తే ఒక పేజీలో శిష్యుడు అన్నాడు, పది పేజీలు తిప్పాక లఘువు అన్నాడు. బరువు అనే అర్థంలో అయినా, ఛందస్సులో అయినా లఘువు సరే, పాఠం చెప్పే గురువుకి లఘువేమిటి? శిష్యుడు మాత్రం వ్యతిరేకం ఎలా అవుతాడు, అది జంట కదా. బోధన × అభ్యసన అని కూడా వేశాడు. బోధనాభ్యసన ప్రక్రియ అని ఒకే సమాసంగా చదువుతూ ఇవి ఒకదానికొకటి వ్యతిరేకం ఎలా అవుతాయే అంటే, "కష్టసుఖాలు కూడా ఒకే సమాసం కదా పిన్నీ" అంది. ఆ దెబ్బకి నేను కాసేపు నోరు మూసుకున్నాను. అయినా నా మాట మీదే ఉన్నాను, కష్టం ఉన్నచోట సుఖం ఉండదు, బోధన బాగున్నచోటే అభ్యసన ఉంటుంది. నేర్చుకోవడానికి మరచిపోవడం అని ఇవ్వడమూ అంతే, అసలు నేర్చుకోనివాడు మరచిపోయేదేముంది.

అచ్చుతప్పులు మామూలుగా నేను పట్టించుకోను. కానీ విద్వాంసుడిని "విధ్వాంసుడు" అని వేశాడండీ, దకి వత్తు తగిలించేసరికి పండితుడు కాస్తా విధ్వంసం చేసేవాడిలా కనబడుతున్నాడు. పరీక్ష రాసే పిల్లలు దాన్నే కంఠతా పడితే ఎవరిది బాధ్యత?

ఇంకో లోటు, మన నోట్లో ఉన్న మాటలు ఒక్కటీ లేవు. మాస్టారు, పంతులు, సారు, అయ్యవారు ఎక్కడా కనబడరు. ఒజ్జ ఇచ్చినవాడు ఒజ్జబంతి ఇవ్వలేదు, పిల్లలు చూసి దిద్దుకోవడానికి పైన రాసిచ్చే వరుసని అలా అంటారు, ఒరవడి అన్నా మేలుబంతి అన్నా అదే. చదువుకి సంబంధించి ఇంతకంటే మంచి పర్యాయపదాల వరుస ఏముంటుంది?

అనుమానం వచ్చినప్పుడల్లా మేం ఫోన్‌లో ఆంధ్రభారతి అనే నిఘంటువుల సైట్ తెరిచి చూసుకున్నాం. 1885 నాటి శబ్దరత్నాకరం కూడా అందులో ఉంది, పైసా ఖర్చు లేదు. కాకపోతే తెలియని మాటని ముందు ఎక్కడో ఒకచోట చూస్తేనే కదా వెతికేది, ఆ పనికి ఈ పుస్తకం పనికొచ్చింది.

5కి రెండున్నర ఇస్తాను. కొనాలనుకుంటే బండి దగ్గరే వ్యతిరేకపదాల భాగం తెరిచి గురువుకి ఎదురుగా ఏం వేశాడో చూడండి. లఘువు కనబడితే 50కి అడగండి.