జిప్సీ కడుపున పుట్టిన లోటస్: పాలకొల్లు పక్కన ఒక టెస్ట్ డ్రైవ్

ముందే చెప్పేస్తున్నా, బండి అదిరింది, కానీ కొనలేదు.

పాలకొల్లు దగ్గర ఒక రొయ్యల చెరువుల ఆసామి లోటస్ సెవెన్ రెప్లికా, అంటే అచ్చు దాన్ని చూసి కట్టిన నకలు, అమ్మేస్తున్నాడని మా బావ చెప్పాడు. తెలియనివాళ్ళ కోసం: సెవెన్ అంటే 1957లో ఇంగ్లండులో కోలిన్ చాప్మన్ అనే ఆయన కంపెనీ లోటస్ తెచ్చిన రెండు సీట్ల బుల్లి బండి. టాపు లేదు, తలుపులూ లేనట్టే, ముందు చక్రాలు చిన్న మడ్‌గార్డులు కట్టుకుని బయటికి నిలబడి ఉంటాయి. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీవాళ్ళు తీసుకుని ఇప్పటికీ తయారుచేస్తున్నారు. ఇనప గొట్టాల ఫ్రేము, దాని మీద రేకులు, ముక్కు దగ్గర కాస్త ఫైబర్, ఉన్నదంతా ఇంతే కాబట్టి వెల్డింగు మీద మోజున్నవాళ్ళు దాన్ని చూసి ఇంటి దగ్గరే కట్టుకుంటూ ఉంటారు.

దీనికంటే ముందు భీమవరంలో ఇంకోటి చూశాం. ఎర్రగా, ఇటలీ కారు వేషంలో ఉంది, పాత సెడాన్‌కి ఫైబర్ చొక్కా తొడిగారు. లోపల కూర్చుంటే స్టీరింగూ డాష్‌బోర్డూ మా పక్కింటివాళ్ళ కారువే. డోరేస్తే తప్పెట చప్పుడు. టీ ఇచ్చారు, తాగి వచ్చేశాం.

పాలకొల్లుది అలా కాదు, కట్టినవాడికి పని తెలుసు. ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు, వెనక యాక్సిలు మారుతి జిప్సీ అనే జీపువి. 1.3 లీటర్ల ఇంజిన్, కంపెనీ లెక్కలో 80 హార్స్‌పవర్. జిప్సీలో అది వెయ్యి కేజీలకి అటూఇటూగా ఉండే బరువు లాగాలి. దీన్ని దారిలో ఒక రైస్ మిల్లు కాటా ఎక్కించి మేమిద్దరం దిగిపోతే 640 చూపించింది. కాటా కుర్రాడు చీటీ చింపుతూ "సరుకేంటండి?" అన్నాడు. ముక్కూ మడ్‌గార్డులూ చేపల బోట్లకి ఫైబర్ పని చేసేవాళ్ళ చేత చేయించారట, బోటంత మందంగానే ఉన్నాయి, గట్టిగా కొడితే చెయ్యే నొప్పెట్టింది.

ఎక్కడమే ఒక విద్య. సీటు మీద నిలబడి, స్టీరింగ్ కిందికి కాళ్ళు జొనిపి జారిపోవాలి. పెడల్స్ ఎంత దగ్గరగా ఉన్నాయంటే చెప్పులతో బ్రేకు తొక్కితే యాక్సిలరేటరు కూడా వస్తోంది, చెప్పులిప్పి బావ ఒళ్ళో పెట్టాను. కాళ్ళ పక్కనే గేర్‌బాక్సు వేడి, పైన ఏప్రిల్ ఎండ.

కాలవ గట్టు మీద మొదటి మూడు కిలోమీటర్లు నరకం. నేలకీ బండికీ మధ్య నాలుగంగుళాలే, మన ఊళ్ళలో ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో తెలుసుగా. ప్రతిదాని దగ్గరా బావ దిగడం, నేను ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కించడం. నాలుగోదాని మీద కింద బర్రుమని గీసుకుంది. ఆ పైన దాళ్వా ధాన్యం సగం రోడ్డు మీద ఆరబోసి ఉంది, మిగతా సగంలో ఎదురుగా ట్రాక్టరు.

216 హైవే ఎక్కాక మాత్రం నోరు మూతపడలేదు. ఫోర్ వీల్ డ్రైవ్ మార్చే పెట్టె తీసేయడంతో గేర్లన్నీ సాగుతాయి, రెండో గేరులో తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోయి చించినాడ వంతెన మనవైపు పరిగెత్తుకొచ్చినట్టుంటుంది. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే చెవులకి 140. పవర్ స్టీరింగ్ లేదు, రోడ్డు మీద గులకరాయి కూడా చేతికి తెలుస్తుంది. బ్రేకుకి బూస్టర్ కూడా లేదు, బలం పెట్టి తొక్కాల్సిందే, మొదటిసారి భయమేసింది, తర్వాత అలవాటైంది. రొయ్యల లారీ పక్కకొస్తే దాని చక్రం బోల్టులు మన కళ్ళ ఎత్తులో తిరుగుతాయి, డబ్బాల్లోంచి కారే ఐసు నీళ్ళు మొహం మీదే.

అసలు లోపం వెనక ఉంది. లోటస్‌లో వెనక కాయిల్ స్ప్రింగులుంటే ఇందులో జిప్సీ కమాన్‌పట్టీలే (లీఫ్ స్ప్రింగులు) ఉంచేశారు. బరువు తగ్గిపోయింది కానీ పట్టీలు మాత్రం జీపువి, దాంతో వంతెన అతుకుల మీద వెనక భాగం ఎగిరి పక్కకి పెడుతోంది. వానలో అయితే నేను తోలను.

దిండి దగ్గర కొబ్బరి బోండాం తాగుదామని ఆపి దిగబోతే పక్కనున్న సైలెన్సరు గొట్టం పిక్కకి చుర్రుమంది. సెవెన్ నడిపేవాళ్ళు చాలామందికి ఈ వాత ఉంటుందట. సగం బోండాం నీళ్ళు కాలికే పోశాను.

తిరిగొచ్చాక కింద దూరి స్పానరుతో గొట్టాలన్నీ కొట్టి చూశా. రెప్లికా చూడబోతే పెయింటు తర్వాత, ముందు ఇది చెయ్యండి. ముందువైపు టంగుమంది, డ్రైవర్ సీటు కింద మాత్రం టప్పుమంది, అంటే గొట్టాన్ని లోపల తుప్పు తినేసింది. రెండు వర్షాకాలాలు చెరువు గట్టున షెడ్డులో ఉంచారు, ఉప్పు గాలి తన పని తాను చేసుకుపోయింది.

ఆర్‌సీ అడిగింది ఆ తర్వాత. బండి ఎక్కకముందే అడగాలి, తప్పు నాదే. ఫోన్లో ఆసామి "పేపర్లన్నీ క్లియరండి" అన్నాడు. చూస్తే ఏపీ 37 పాత నంబరు, బండి మారుతి జిప్సీ. ఇన్సూరెన్సూ జిప్సీ పేరునే. "ఇందులో జిప్సీ ఎక్కడుందండి?" అంటే "ఇప్పటిదాకా ఎవరూ ఆపలేదండి, ఆయ్" అన్నాడు. ఊళ్ళో ఆపరు, నిజమే. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ ఇలా మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బ్రిటన్‌లో అయితే ఇంట్లో కట్టిన బండికి విడిగా పరీక్ష పెట్టి రిజిస్ట్రేషన్ ఇస్తారు, మనకి అంత సులువైన దారి లేదు. రేపు ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సువాడు జిప్సీ ఏదని అడుగుతాడు, ఏం చూపిస్తాం?

అంటే ఇది రోడ్డు బండి కాదు. లారీ ఎక్కించి చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి ట్రాక్‌కో తీసుకెళ్ళి, అక్కడ రానిస్తే తోలుకోవాలి. అలా చూస్తే ఆయన చెప్పిన ఏడున్నర లక్షలు చాలా ఎక్కువ.

నిన్న మళ్ళీ ఫోన్ చేసి ఐదుకి ఇస్తానన్నాడు. మూడున్నర, అదీ పార్టుల రేటు, సీటు కింద గొట్టం మార్పించి ఇవ్వాలి, లారీ కిరాయి మీదే అన్నాను. ఇంట్లో కనుక్కుని చెప్తానన్నాడు.