వండర్ ఉమన్ కొనేటప్పుడు వాల్యూమ్ నంబర్ చూడకండి, రాసినవాళ్ళ పేరు చూడండి

అమెరికాలో డీసీ అనే సంస్థ వేసే వండర్ ఉమన్ కామిక్స్ చదవాలని మోజు పుట్టి ఒకటో భాగం కోసం వెతికారనుకోండి, మొదటి దెబ్బ అక్కడే. ఒకటో భాగాలు బోలెడు. సిరీస్ 1942లో మొదలై 329 సంచికలు నడిచి 1986లో ఆగింది, 1987లో మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు, తర్వాత 2006, 2011, 2016, 2023... ప్రతిసారీ ఒకటో నంబరే. మధ్యలో ఉన్నట్టుండి 44 తర్వాత 600 వేశారు, ఇంకోసారి 83 తర్వాత 750. మా లెక్కల మాస్టారు చూస్తే చెవి మెలేసేవారు. ఇదంతా అర్థమయ్యేసరికి నాకు రెండేళ్ళు పట్టింది, డబ్బులూ బాగానే వదిలాయి.

నేను చేసిన మొదటి తెలివితక్కువ పని 1987 సిరీస్ రాసి, బొమ్మలు గీసిన జార్జ్ పెరెజ్ ఆమ్నిబస్, అంటే బోలెడు సంచికలు కలిపి కుట్టిన లావు పుస్తకం, కొనడం. కథ బాలేక కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను. ఆరువందల పేజీల పైమాటే, గట్టి అట్ట, పడుకుని చదివితే ఛాతీ మీద సన్నికల్లు పెట్టినట్టే. "ఏంట్రా, డిక్షనరీ చదువుతున్నావా" అంది మా అమ్మ. పైగా పెరెజ్ ఒక్కో పేజీలో చిన్నచిన్న గళ్ళు కిక్కిరిసి గీస్తాడు, రెండు పేజీలకీ కలిపి గీసిన బొమ్మల్లో నడుమ భాగం బైండింగ్ మింగేస్తుంది. నాకు అమ్మినవాళ్ళు పల్చటి కవర్లో పెట్టి పంపితే మూల నలిగి వచ్చింది, ఫోటోలు పెట్టి అడిగితే వేరే కాపీ లేదు పొమ్మన్నారు. ఇంత ఖరీదు పుస్తకాన్ని అట్టపెట్టెలో పంపుతారో లేదో ముందే అడగండి.

అవే కథలు పేపర్‌బ్యాక్‌లో దొరుకుతాయి. మొదటి దాంట్లో 1 నుంచి 14 సంచికలు. కొత్తవాళ్ళెవరు అడిగినా నేను చెప్పేది ఇదే. మొదటి సంచికలోనే ఆదిమకాలంలో ఒక గర్భిణిని మగాడు చంపేస్తాడు. అలా మగవాళ్ళ చేతుల్లో చనిపోయిన ఆడవాళ్ళ ఆత్మలకే దేవతలు మళ్ళీ ప్రాణం పోస్తే అమెజాన్లు అవుతారు. ఆ గర్భిణే రాణి హిప్పొలిటా. చాలా కాలం తర్వాత ఆమె సముద్రపొడ్డున మట్టితో పాప బొమ్మ చేస్తుంది, దానికి ప్రాణం వస్తుంది, ఆ పాపే డయానా, అంటే మన వండర్ ఉమన్. పార్వతమ్మ నలుగుపిండితో వినాయకుణ్ణి చేసిన కథ విని పెరిగినవాళ్ళం కదా, మట్టికి ప్రాణం రావడం మనకేం వింత కాదు. కానీ ఆ పాప ఆనాడు పుట్టకుండా పోయిన బిడ్డేనని తెలిసినప్పుడు నేను వెనక్కి తిప్పి మొదటి పేజీలు మళ్ళీ చూశాను. పెరెజ్ బొమ్మలు మొదటి 24 సంచికలకే, రాయడం మాత్రం 1992లో 62వ సంచిక దాకా.

2011 సిరీస్ రాసిన బ్రయన్ అజ్జరెల్లో ఈ మట్టి సంగతే తీసేసి డయానాని గ్రీకు దేవుళ్ళ రాజు జ్యూస్ కూతుర్ని చేశాడు. పాత అభిమానులకి ఒళ్ళు మండింది, నాకూ నచ్చలేదు. అయినా క్లిఫ్ చాంగ్ గీసిన దేవుళ్ళ కోసం కొన్నందుకు బాధ లేదు.

అసలు తికమక 2016 సిరీస్‌ది. రాసిన గ్రెగ్ రకా రెండు కథలు ఒకేసారి నడిపాడు, బేసి సంచికల్లో ఒకటి, సరి సంచికల్లో ఇంకోటి. పుస్తకాలుగా వేసేటప్పుడు బేసివి 'ద లైస్' పేరుతో మొదటి వాల్యూమ్, సరివి 'ఇయర్ వన్' పేరుతో రెండోది చేశారు. నా మాట విని రెండోది ముందు చదవండి. అందులో ఇంగ్లీషు ముక్క రాని డయానాతో మాట్లాడగలిగేది బార్బరా మినర్వా ఒక్కతే, ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. మొదటి వాల్యూమ్‌లో అదే బార్బరా శాపం తగిలి చీతాగా తిరుగుతుంటుంది. ముందు స్నేహం చూస్తేనే ఆ చీతా మీద జాలేస్తుంది, లేకపోతే గోళ్ళున్న ఇంకో విలన్ అంతే.

రకాదే 2003 నాటి పాత దఫా ఉంది, డయానా తన దేశం తరఫున రాయబారిగా ఆఫీసు నడుపుతుంటుంది. రాజకీయాలు ఇష్టమైతే అదీ తీసుకోండి. 1940ల నాటివి మాత్రం ఒక్క వాల్యూమ్‌తో ఆపండి. రాసిన మార్‌స్టన్ సైకాలజిస్టు, లై డిటెక్టర్‌కి దారితీసిన రక్తపోటు పరీక్ష మీద పనిచేసినవాడు, డయానా వాడే నిజం చెప్పించే తాడు ఆయన కలం నుంచే రావడం సరదాగానే ఉంటుంది గానీ రెండు పేజీలకోసారి ఎవర్నో ఒకర్ని కట్టేస్తూనే ఉంటారు, వరసగా చదివితే విసుగొస్తుంది.

చివరగా ఒక పేరు గొడవ. డీసీ వాళ్ళు పెద్ద సైజులో, పెట్టెలో పెట్టి అమ్మే ఖరీదైన ఎడిషన్లని 'అబ్సల్యూట్' అంటారు. 2024లో మొదలైన కొత్త కథ పేరూ 'అబ్సల్యూట్ వండర్ ఉమన్', అందులో డయానాని నరకంలో సర్సీ అనే మంత్రగత్తె పెంచుతుంది. రెండూ వేరు. మా ఫ్రెండ్ ఒకడు పెట్టె వస్తుందని ఎదురుచూసి పల్చటి పుస్తకం అందుకున్నాడు. చదివాక తిరిగి పంపలేదు, అది వేరే సంగతి. మీకు కావాల్సింది ఆ కథే అయితే కార్ట్‌లో వేసే ముందు కవర్ మీద దాన్ని రాసిన కెల్లీ థామ్సన్ పేరు ఉందో లేదో చూసుకోండి.