ఇన్‌స్పెక్షన్ బాగానే చేస్తారు, డేట్ మార్చమంటేనే అసలు సినిమా

చైనా నుంచి సరుకు తెప్పించుకునేవాళ్ల కోసం రాస్తున్నా, మిగతావాళ్లకి బోర్ కొట్టొచ్చు, ముందే చెప్తున్నా. మేం ఫోన్ ట్రైపాడ్‌లు, టేబుల్ స్టాండ్‌లు, కార్ హోల్డర్‌లు తెప్పిస్తాం, ఎక్కువగా దక్షిణ చైనా గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని జోంగ్‌షాన్, షెంజెన్ వైపు ఫ్యాక్టరీల నుంచి. హైదరాబాద్‌లో హోల్‌సేల్‌కి ఇస్తాం, కొంత ఆన్‌లైన్‌లో అమ్ముతాం. సరుకు కంటైనర్ ఎక్కే ముందు ఫ్యాక్టరీకి వెళ్లి చూసొచ్చే థర్డ్ పార్టీ కంపెనీని ఒకదాన్ని కొంతకాలంగా వాడుతున్నాం. పేరు రాయను. రాసినా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే నేను చెప్పబోయే రూల్స్ కాస్త అటూ ఇటూగా ఈ వ్యాపారంలో చాలామందికి ఉన్నవే.

పని సంగతి ముందు. పని బాగుంది, అందులో వంక పెట్టడానికి లేదు. ఆర్డర్ 5,000 పీసులైతే మామూలుగా వాడే శాంపిల్ లెవెల్ టూలో 200 పీసులు తీస్తారు, ఏక్యూఎల్ (ఎన్ని లోపాల దాకా ఒప్పుకోవచ్చో చెప్పే హద్దు) 2.5 ప్రకారం పెద్ద లోపాలు 10 వరకు పాస్, 11 అయితే ఫెయిల్. చిన్న లోపాలకి 4.0 పెట్టుకుంటే 14 దాకా పాస్. ఇది ఐఎస్ఓ 2859 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని టేబుల్, ఎవరు చేసినా ఇదే. తేడా ఎక్కడొస్తుందంటే ఆ 200 పీసులు ఎవరు ఎంచారన్న దగ్గర. ఫ్యాక్టరీ వాళ్లు ముందుకు తోసిన నాలుగు కార్టన్లు విప్పి కూర్చుంటే రిపోర్ట్ ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది. వీళ్ల ఇన్‌స్పెక్టర్లు పేర్చిన కార్టన్ల వెనక వరస నుంచి కూడా లాగుతారు, ఏ నంబర్ కార్టన్లు విప్పారో ఫొటోలతో పెడతారు. డ్రాప్ టెస్ట్‌లో కూడా కార్టన్‌ని ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాల మీద లెక్కగా పడేసి వీడియో తీస్తారు. రిపోర్ట్ మరుసటి రోజుకల్లా మెయిల్లో ఉంటుంది. రోజుకి, అంటే వాళ్ల లెక్కలో ఒక మ్యాన్‌డేకి, 300 డాలర్లకి కాస్త తక్కువ. మా బావమరిది అయితే "ఆ డబ్బులు దండగ బావా, ఫ్యాక్టరీ వాడే వీడియో పంపిస్తున్నాడు కదా" అంటాడు. వాడే తీసి వాడే పంపే వీడియోలో ఊగిపోయే ట్రైపాడ్ కాలు ఎందుకు కనిపిస్తుంది చెప్పండి.

ఇక డేట్ మార్చడం, క్యాన్సిల్ చేయడం. ఇక్కడే తలనొప్పి.

రూల్ ఇది. ఇన్‌స్పెక్షన్‌కి ముందు పనిరోజు మధ్యాహ్నం 12 లోపు చెప్తే ఉచితంగా మారుస్తారు. ఆ తర్వాత చెప్తే సగం ఛార్జ్. ఇన్‌స్పెక్టర్ బయల్దేరాక చెప్పినా, గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లినా పూర్తి మ్యాన్‌డే, దాని మీద ప్రయాణ ఖర్చు. చదివితే న్యాయంగానే ఉంది, నేనూ కాదనను, ఒక మనిషి రైలు టికెట్ కొనుక్కుని, ఇంకో పని వదులుకుని మన కోసం రోజు పెట్టుకున్నాడు. కానీ ఆ 12 ఎవరి 12? చైనా 12. మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి మనకి ఉదయం తొమ్మిదిన్నర. హైదరాబాద్‌లో మా లైన్లో షటర్లు లేచేదే పదిన్నర తర్వాత. ఫ్యాక్టరీ సేల్స్ అమ్మాయి వీచాట్‌లో "డియర్, చిన్న ప్రాబ్లం, ఇంకో రెండు రోజులు" అని మెసేజ్ పెట్టేది వాళ్ల పొద్దుటి మీటింగ్ అయ్యాక, అంటే మనం పళ్లు తోముకునే టైముకి. అది చూసి, ఆలోచించి, మెయిల్ కొట్టేలోపు గడువు దాటిపోతుంది. పైగా "ముందు పనిరోజు" అన్న మాట కూడా చూసుకోవాలి. సోమవారం ఇన్‌స్పెక్షన్ అయితే గడువు శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నర, ఆదివారం రాత్రి మెయిల్ పెడితే లెక్కలోకి రాదు.

చైనాలో ఈ పనిరోజుల లెక్క మనకి అంత సులువుగా అంతుపట్టదు. పెద్ద పండగ సెలవులు వరసగా ఇచ్చి, బదులుగా అటూ ఇటూ ఉన్న శని, ఆదివారాలని పనిరోజులు చేస్తారు. 2025లో జాతీయ దినోత్సవం సెలవులు అక్టోబర్ 1 నుంచి 8 వరకు, దానికి బదులు సెప్టెంబర్ 28 ఆదివారం, అక్టోబర్ 11 శనివారం పనిరోజులు. ఇది తెలియకపోతే ఏమవుతుందో అదే సెప్టెంబర్‌లో బాగా తెలిసొచ్చింది.

దీపావళి సరుకు అప్పటికే చెన్నై దాటేసింది, ఇది సంక్రాంతి దాకా నడవాల్సిన లాట్. ఇన్‌స్పెక్షన్ 24 బుధవారం. ఆ రోజే రగాసా తుఫాను గ్వాంగ్‌డాంగ్ తీరాన్ని కొట్టింది. షెంజెన్ మొత్తం మూతపడింది, రైళ్లు ఆగాయి. ఇక్కడ కంపెనీకి వంద మార్కులు వేయాలి. మేం అడగకముందే 23నే మెయిల్ పెట్టారు, వాయిదా వేస్తున్నాం, ఛార్జ్ లేదు, ఇన్‌స్పెక్టర్‌ని పంపడం లేదు అని. ఎవరైనా చేయాల్సిందే అది, కానీ మెయిల్లో ఒక్క ముక్క అనుమానం మిగల్చకుండా రాశారు. టెన్షన్ సగం అక్కడే పోయింది.

మిగతా సగం తర్వాత మొదలైంది. సెలవుల ముందు మిగిలిన రోజులు కొన్నే, తుఫాను వల్ల ఆగిపోయినవాళ్లు అందరూ వాటి మీదే పడ్డారు. మాకు దొరికింది 28 ఆదివారం. బుక్ చేయబోతే వాళ్ల సైట్ వీకెండ్ ఛార్జ్ అని అదనంగా కలిపి చూపిస్తోంది. ఆ ఆదివారం మీ దేశంలో అధికారికంగా పనిరోజు, మీ ఆఫీసు తెరిచే ఉంటుంది, నాకెందుకు వీకెండ్ ఛార్జ్ అని అడిగితే, "సిస్టమ్ అలా లెక్క వేస్తుంది" అని జవాబు. సిస్టమ్‌ని పెట్టింది ఎవరు మరి. రెండు మెయిళ్ల తర్వాత తీసేశారు. అడగనివాళ్లు కట్టేసే ఉంటారు, అందుకే ఇంత విడమరిచి చెప్తున్నా.

28 ఉదయం ఇన్‌స్పెక్టర్ ఫ్యాక్టరీకి వెళ్తే తయారీ అయిపోయింది కానీ ప్యాకింగ్ సగమే. ప్రీ షిప్‌మెంట్ ఇన్‌స్పెక్షన్‌కి సరుకు మొత్తం తయారై, కనీసం 80 శాతం ప్యాక్ అయి ఉండాలి. ఫ్యాక్టరీ వాళ్లు ముందు రోజు దాకా "అంతా రెడీ డియర్" అన్నారు. తుఫానులో కరెంటు పోయింది, మనుషులు రాలేదు, అది నేను అర్థం చేసుకోగలను, కానీ శుక్రవారం చెప్పి ఉంటే ఉచితంగా పోయేది. వాళ్లు ఎందుకు చెప్పరంటే, చెప్తే స్లాట్ పోతుంది, సెలవుల తర్వాతే మళ్లీ, అంటే బ్యాలెన్స్ డబ్బులు పది రోజులు ఆలస్యం. మనిషి వచ్చేశాక ఏదో ఒకటి చేసి పంపిద్దాంలే అన్న లెక్క. ప్రతి ఫ్యాక్టరీ అలా ఉండదు గానీ చాలా ఫ్యాక్టరీలు అలాగే ఉంటాయి.

ఇలాంటప్పుడు ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తాడు, ఆఫీసు మనకి చేస్తుంది, అరగంటలో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ట్రిప్ వృథా అయినట్టు రాసుకుని వెళ్లిపోతాడు, పూర్తి ఛార్జ్ పడుతుంది. అక్కడ తొమ్మిదిన్నర అంటే ఇక్కడ ఆదివారం పొద్దున ఏడు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకునేవాళ్లు ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రం పెట్టకండి. నేను చెప్పింది, వెనక్కి రావద్దు, ఉన్నదాన్ని చూడమని. ఎలాగూ డబ్బు పోతోంది, మనిషి లోపలే ఉన్నాడు, ప్యాక్ అయినవి, కానివి కలిపి శాంపిల్ తీయించొచ్చు, రిపోర్ట్‌లో ప్యాకింగ్ పూర్తి కాలేదని రాస్తారు. మిగిలిన కార్టన్లు 30న ఫ్యాక్టరీ వాళ్లు వీడియో కాల్‌లో చూపించారు, ప్యాకింగ్ వరకైతే ఆ వీడియో చాలు. విచిత్రం ఏంటంటే ఈ దారి ఒకటి ఉందని కంపెనీ ఫోన్లో తనంతట తను చెప్పదు. "రద్దు చేయమంటారా, వేరే డేట్ ఇవ్వమంటారా" అని రెండే అడుగుతుంది. మూడోది మనం అడగాలి.

ఇప్పుడు ప్రయాణ ఖర్చుల బిల్లు. గ్వాంగ్‌డాంగ్, జెజియాంగ్ లాంటి పెద్ద పారిశ్రామిక ప్రాంతాల్లో ప్రయాణం రేటులోనే కలిపి ఉందని సైట్ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది మొదటిసారి, అనుకున్న రోజున, సాఫీగా జరిగితేనే. ట్రిప్ వృథా అయిందా, ప్రయాణం విడిగా బయటికొస్తుంది. తుఫానుకి చాలా ముందు జోంగ్‌షాన్‌లోనే ఇంకో లాట్‌కి అలా జరిగింది, ఫ్యాక్టరీ వాడు గేటు దగ్గరే సరుకు లేదన్నాడు. బిల్లులో మ్యాన్‌డే, దాని కింద "ట్రావెల్" అని ఒకే లైన్, ఒకే అంకె. విడదీసి చూపించమంటే షెంజెన్ నుంచి రాను పోను బండి ఖర్చు, ఒక రాత్రి హోటల్ అన్నారు. హోటలా! షెంజెన్ జోంగ్‌షాన్ మధ్య సముద్రం మీద కొత్త దారి 2024 జూన్ 30న తెరిచారు, ఇదివరకు రెండు గంటలు పట్టేది ఇప్పుడు అరగంట. పొద్దున పది గంటలకి గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగిన మనిషి ఆ రాత్రి ఏ హోటల్లో పడుకున్నాడు? రసీదు పంపమన్నా. చైనాలో రైలు టికెట్‌కి కూడా ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిసే, ఫాపియావ్ (అక్కడి అధికారిక పన్ను రసీదు) లేని ఖర్చంటూ అక్కడ కంపెనీలు రాసుకోవు, ఫార్వర్డ్ చేయడానికి నిమిషం పట్టదు. చాలా రోజుల నిశ్శబ్దం తర్వాత హోటల్ తీసేసి కొత్త బిల్లు వచ్చింది. తీసేసిన డబ్బు కూడా వెనక్కి రాలేదు, తర్వాతి బుకింగ్‌లో వాడుకోమని క్రెడిట్ ఇచ్చారు. కార్డు మీద కట్టినప్పుడు కరెన్సీ మార్చినందుకు బ్యాంకు తీసుకున్న ఫారెక్స్ మార్కప్ మాత్రం మన ఖాతాలోనే.

అలాగని ప్రయాణ ఖర్చు అసలు ఇవ్వనని పట్టుబట్టేవాళ్లతో నేను ఏకీభవించను. కొందరు చవక కంపెనీలని పట్టుకుంటారు, ప్రయాణం ఫ్యాక్టరీయే చూసుకుంటుంది అంటారు. అంటే ఏంటి? స్టేషన్ దగ్గర ఫ్యాక్టరీ కారు ఎక్కి, వాళ్లు పెట్టిన భోజనం తిని, సాయంత్రం వాళ్ల కారులోనే వెనక్కి వెళ్లే మనిషి 11వ లోపం రాస్తాడా, లేక 10 దగ్గర పెన్ను ఆపేస్తాడా? హాంగ్‌బావ్ అనే ఎర్ర కవరు, అంటే ఇక్కడ లంచం, దాని గురించి ఈ లైన్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లంచం ఇవ్వం, తీసుకోం అని ఇన్‌స్పెక్టర్లతో, ఫ్యాక్టరీతో సంతకాలు పెట్టించే కాగితాలు ఉన్నది అందుకే. ఆ మనిషి నా డబ్బుతో వెళ్లి నా డబ్బుతో తినాలి. రసీదు చూపిస్తే చాలు, ఇస్తాను.

అదే కారణంతో రీఇన్‌స్పెక్షన్ బిల్లు నేరుగా ఫ్యాక్టరీకి పంపుతామని కంపెనీ అంటే వద్దన్నాను. వినడానికి హాయిగా ఉంటుంది, ఫెయిల్ అయింది వాళ్ల సరుకే కదా వాళ్లే కడతారు అని. కానీ డబ్బు కట్టేవాడే కస్టమర్ అయిపోతాడు, రెండోసారి రిపోర్ట్ మెత్తబడితే ఎవరిని అడుగుతాం. బిల్లు నాకే రావాలి, నేనే కడతాను, ఫ్యాక్టరీకి ఇవ్వాల్సిన 70 శాతం బ్యాలెన్స్‌లోంచి కోసుకుంటాను. ఇప్పుడు పీఓ (పర్చేజ్ ఆర్డర్)లోనే రాస్తున్నాం, ఫెయిల్ అయినా, సరుకు సిద్ధంగా లేక ట్రిప్ వృథా అయినా ఖర్చు మీదే, బ్యాలెన్స్‌లో తగ్గిస్తాం అని. ఈ ఒక్క లైన్ వచ్చాక "అంతా రెడీ డియర్" మెసేజ్‌లు బాగా తగ్గాయి, "ఇంకో రెండు రోజులు" అన్నది కూడా గడువు లోపే వస్తోంది. మొదట్లో ఒక ఫ్యాక్టరీ ఒప్పుకోలేదు, 30 శాతం అడ్వాన్స్ పంపే ముందు అడిగితే ఒప్పుకుంది. అడ్వాన్స్ వెళ్లాక అడిగితే ఒప్పుకునేది కాదు.

కస్టమర్ సపోర్ట్ మనుషులు మర్యాదగా మాట్లాడతారు, చాట్‌లో త్వరగానే పలుకుతారు, కాకపోతే డబ్బు విషయం వస్తే "అకౌంట్స్ టీమ్‌కి పంపాను" తప్ప ఇంకో మాట రాదు. యాప్ ఉంది, అందులో బుకింగ్ డేట్ మార్చే బటన్ కూడా ఉంది, కానీ గడువు ఎంతసేపు మిగిలిందో చూపించదు. సినిమా టికెట్ యాప్ కూడా చూపిస్తుంది కదండీ ఆ మాత్రం.

ఐదుకి మూడున్నర ఇస్తున్నా. ఇన్‌స్పెక్షన్ ఒక్కటే అయితే నాలుగున్నర ఇచ్చేవాణ్ని, బిల్లింగ్ ఒక్కటే అయితే రెండు. వేరే కంపెనీకి మారతారా అంటే మారను, కార్టన్ల వెనక వరస నుంచి పీసు లాగే ఇన్‌స్పెక్టర్ దొరకడం కష్టం, బిల్లుతో కొట్లాడటం అంత కష్టం కాదు.

2026లో చైనా కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న, సెలవులు 15 నుంచి 23 వరకు, ఫిబ్రవరి 14, 28 శనివారాలు పనిరోజులు. ఫ్యాక్టరీల్లో పనివాళ్లు అంతకు చాలా ముందే ఊళ్లకి బయల్దేరతారు కాబట్టి స్లాట్లు జనవరిలోనే బుక్ చేసుకోండి. గడువు టైముని బుకింగ్ కన్ఫర్మేషన్‌లో మన టైములో కూడా వేయమని కంపెనీకి రాశాను, ఇంకా జవాబు లేదు. వస్తే ఇక్కడే అప్‌డేట్ చేస్తా.